అంచు కోత

ఐదు థీసిస్‌లు ఇంగ్లీషువి.
మెరూన్ రెక్సిను, బంగారు రంగు అక్షరాలు,
నాగార్జున వర్సిటీ వాళ్ళందరికీ ఒకటే రేటు.
ఆరోది మాత్రం చేతిరాత నోటుబుక్కు.
"ఇది యూనివర్సిటీకి కాదు" అంది సెలామవిత్.

బ్రాడీపేట, జిలానీ బైండింగ్ వర్క్స్.
జిలానీ మా నాన్న.
షట్టరు సగం దించితే గానీ
కాగితాలు ఫ్యాను మాట వినవు.

పేజీలు సర్దుతూ చూశాను:
చిన్న చిన్న స్టూళ్ళు, నిచ్చెనలు,
నడుం మీద చెయ్యేసుకు నిలబడ్డ మనుషులు.
ఇంట్లో ఉర్దూ కుడి నుంచి,
కొట్లో తెలుగు ఎడమ నుంచి,
నా కళ్ళకు రెండు వైపులా నడక అలవాటే.
వీటి దగ్గర మాత్రం గుమ్మంలోనే ఆగిపోయాను.

ఒక్కో హల్లుకి ఏడు రూపాలుంటాయంది.
"ఓహో, గుణింతం" అన్నాను.
ఆ మాట నచ్చి అట్ట లోపల రాసుకుంది, తన లిపిలో.
వాళ్ళకి 'ణ' లేదట.
'న'తో సరిపెట్టుకుంది,
అద్దె ఇంట్లో సరిపెట్టుకున్నట్టు.

మొదటి పేజీ తేదీ ఏడేళ్ళు వెనక ఉంది.
"తప్పు పడిందమ్మా."
"మా దగ్గర ఇంకా ఆ ఏడే నడుస్తోంది.
ఏడాదికి పదమూడు నెలలు కూడా."
"మరి జీతాలో?" అన్నాడు మా సుభానీ, జిగురు కలుపుతూ.
పదమూడో నెలకి ఐదు రోజులేనని తెలిశాక
వాడికి ఆ దేశం మీద ఆసక్తి పోయింది.

చదవమంటే చదివింది,
ఆటోవాళ్ళ దగ్గర నేర్చిన తెలుగులోకి
ఒక్కో వాక్యం దించుకుంటూ.

"మిర్చి యార్డు నుంచి గాలి కొట్టే నెలల్లో
ఈ ఊళ్ళో ఏడవడం తేలిక.
ఎందుకని ఎవరూ అడగరు."

జిగురు బ్రష్ పక్కన పెట్టాను.

"లక్ష్మీపురంలో టులెట్ బోర్డు
నేను గేటు దాకా వెళ్ళేసరికి గోడ వైపు తిరిగింది.
బోర్డులకి సిగ్గుంటుందని అప్పుడే తెలిసింది."

సుభానీ నవ్వాడు. నేను నవ్వలేదు.
ఆ బోర్డు నాకు తెలుసు.
నా పేరు అడిగేదాకా నా వైపే చూస్తుంటుంది.

"ఇక్కడ పూలమ్మే ఆవిడ అమ్మా,
బస్సులో జరగమనే ఆవిడ అమ్మా,
నన్ను కూడా అమ్మా అంటారు.
ఫోనులో మా అమ్మని పిలవబోతే
ఆ మాట అప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది."

తర్వాతి పేజీ చదవలేదు. వేలు అడ్డంపెట్టి తిప్పేసింది.

ముప్పై ఏళ్ళ చెయ్యి నాది.
అయినా కటింగ్ మిషను మీద
కింది అంచు వీసమంత ఎక్కువ పోయింది.
పదిహేడో పేజీ, ఆఖరి వరస,
ఒక అక్షరానికి కాలు తెగింది.

వాళ్ళకి కాలు పోతే పలుకు మారుతుందట,
కొమ్ము పోయిన 'కు' లాగా.
తను చూసింది. పెదాల్లో రెండుసార్లు చదువుకుంది.
"డబ్బులు తగ్గించుకోండి" అన్నాను.
"లేదు, ఇలా కూడా ఒక అర్థం ఉంది."
ఏమర్థమంటే చెప్పలేదు.

"వెన్ను మీద ఏం పేరు వెయ్యమంటారు?"
"మీ అక్షరాల్లో, గుంటూరు అని."
పెళ్ళి ఆల్బాలు కట్టాను, పంచాంగాలు కట్టాను,
కోర్టు కట్టలకి లెక్కే లేదు,
ఊరికే ఊరి పేరు ఎవరూ వెయ్యమనలేదు.
ఇత్తడి అచ్చుల్లో సున్న అరిగిపోయి ఉంది.
రెండుసార్లు నొక్కాల్సి వచ్చింది.

బిల్లు కట్టి, గొడుగు మర్చిపోయి, మళ్ళీ వచ్చి వెళ్ళింది.

సాయంత్రం సుభానీ చీపురు తీస్తే ఆగమన్నాను.
నేల నిండా దారాల్లాంటి కాగితం పీలికలు,
అన్నీ తెల్లవే.
ఒక్కటి, గోటి మీద పట్టేటంత,
దాని మీద నల్లటి చుక్క.

ఏ పలుకో తెలియదు.
రసీదు పుస్తకంలో తన బిల్లు పక్కన పెట్టాను.

యార్డు వైపు నుంచి గాలి మొదలైంది.
కళ్ళు తుడుచుకున్నాను.
సుభానీ ఏమీ అడగలేదు.